నలుపు అను మాట

రంగులకు పేర్లు పెట్టినది కన్ను అని సామాన్యముగా ఎల్లరును తలంతురు. కన్ను చూచును, నాలుక చెప్పును. నడుమ మఱియొకరికి చోటు లేదు. మేమును చాలకాలము ఇట్లే తలంచితిమి. ఇరువది యేండ్లుగా నెల్లిమర్ల ప్రాంతమున పిల్లలకు తెలుగును ఇంగ్లీషును చెప్పుచు, చిన్ననాడు విజయనగరములో చదివిన సంస్కృతమును మఱచిపోకుండుటకై సాయంకాలములందు తిరుగవేయుచు ఉన్న మాకు, ఆ తలంపును సవరించుకొనవలసిన యక్కఱ మొన్నటి వఱకును కలుగలేదు. కలిగించినది ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక బాలిక.

ఆ తరగతిలో ఒకే పేరుగల బాలికలు ఇద్దఱు కలరు. పేరొక్కటియైనపుడు మన పల్లెలలో జనులు పెద్ద, చిన్న యనియో, ఎఱ్ఱ, నల్ల యనియో చేర్చి పిలుతురు. నల్లయ్య, ఎఱ్ఱయ్య, పైడయ్య యను పేళ్లు ఈ ప్రాంతమున తాతల నాటినుండియు ఉన్నవే. హాజరుపట్టీ తీసి పిలుచునపుడు మేమును అట్లే పిలిచితిమి. ఎవరో పెట్టిన పేరని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. ఆఱవ తరగతిలో మొదటి దినమున ఆ విశేషణమును చేర్చినవారము మేమే. "నల్ల" యని చేర్చి పిలువగానే ఆ బాలిక మూడేండ్లుగా లేచి నిలిచి "ఉన్నానండీ" యని పలుకుచున్నది.

ఒకనాడు ఇంగ్లీషు పాఠములో "ఫెయిర్" అను మాట వచ్చెను. తెల్లని యనియు, అందమైన యనియు, న్యాయమైన యనియు మూడర్థములు నల్లబల్ల మీద వ్రాసితిమి. దీనికి వ్యతిరేకపదమేది యని యడిగితిమి. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి ఆ బాలిక పేరు చెప్పెను. తరగతి యంతయు నవ్వెను. మేము వానిని కసరితిమి. కాని కసరుటకు ముందు మా పెదవియు కొంచెము కదలెనని ఒప్పుకొనవలెను. ఆ బాలిక ఏడువలేదు. గంట కొట్టిన పిదప మా బల్ల దగ్గఱకు వచ్చి యడిగినది: "మాస్టారండీ, ఆ మాటకి తెలుపనీ, అందమనీ, న్యాయమనీ మూడర్థాలు రాశారు గదండీ. మూడూ ఒకటేనాండీ?"

కావని వెంటనే చెప్పితిమి. "మరి మూడిటికీ ఒకే మాటెందుకండీ?" అని మరల అడిగెను. ఆ దినమున మేము చెప్పినది సమాధానము కాదు. ఇంటికి వచ్చి నిఘంటువులు తిరుగవేసితిమి. అందు తేలిన సంగతులు కొన్నింటిని చదువరుల ముందుంచుచున్నాము.

"ఫెయిర్" సంగతి త్వరగానే తేలినది. ప్రాచీనాంగ్లమున దాని యర్థము చూడముచ్చటైనదనియే. అందులో రంగు లేదు. చూడముచ్చటైన రూపము నుండి మచ్చలేని నడవడికి, అటనుండి న్యాయమునకు ఆ మాట నడచినది. తెలుపు మాత్రము ఇంగ్లండు జనుల యభిరుచి అందులో దూర్చిన యర్థము. అందమనగా తమ ఛాయయే యనుకొన్నవారు అందమను మాటకే తమ ఛాయను పూసిరి. ఇది వారి ముచ్చట. మనము తప్పు పట్టనక్కఱలేదు. ఆ ఛాయ లేని మనము ఆ మాటను నెత్తికెత్తుకొనుటయే వింత. 1975లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన "ఫెయిర్ అండ్ లవ్లీ" యను లేపనము ఆ మాటను పేరులోనే ధరించి నలుబదియైదేండ్లు ఇంటింటి అద్దముల ముందు కూర్చుండి, 2020లో "గ్లో అండ్ లవ్లీ" యని పేరు మార్చుకొన్నది. పేరుతో పాటు కొనువారి కోరికయు మాఱెనో లేదో నెల్లిమర్ల కొట్టువారిని అడిగిన చెప్పగలరు.

"బ్లాక్" అను మాట చరిత్ర ఇంతకంటె చాల రసవంతమైనది. దీనికి మూలమైన ధాతువునకు మండుట, మెఱయుట అని యర్థమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ ధాతువు నుండియే గ్రీకున మండుట యను నర్థము గల క్రియయు, లాటినున జ్వాలకు పేరైన "ఫ్లమ్మా" యు వచ్చినవి. కావున బ్లాక్ అనగా మొదట మండినది, మండి మసియైనది. పొయ్యిలోని కట్టెను ఎఱిగిన యిల్లాండ్రకు దీనిని వేఱుగ బోధింపనక్కఱలేదు: మండునంతసేపు వెలుగు, మండిన పిదప బొగ్గు. వింత యేమనగా, బొగ్గు వైపు నడిచిన మాటతో పాటు వెలుగు వైపు నడిచిన మాటలును ఆ కుటుంబములోనే యున్నవి. ఫ్రెంచివారు తెలుపునకు వాడు మాట ఇంగ్లీషు "బ్లాంక్" నకు మూలము. వ్రాతలేని తెల్లకాగితము బ్లాంక్. బట్టను తెలుపు చేయుట "బ్లీచ్". ఇవి యన్నియు బ్లాక్ నకు తోబుట్టువులు. ప్రాచీనాంగ్లమున హ్రస్వాచ్చుతో పలికిన నలుపు, దీర్ఘాచ్చుతో పలికిన వెలవెలబోయిన తెలుపు. తరువాతి కాలపు వ్రాతలలో ఏ తావున ఏది యుద్దేశింపబడెనో తేల్చలేక పండితులు తికమకపడు చోట్లు కలవు. నలుపునకును తెలుపునకును నడుమ అడ్డుగా నిలిచినది ఒక దీర్ఘము!

మన సంస్కృతమున ఈ కుటుంబమునకు దాయాది ఏది యని వెదకితిమి. "భర్గస్" అని కనబడినది. నిత్యము గాయత్రి జపించువారు ఏ తేజస్సును ధ్యానింతురో ఆ తేజస్సునకు పేరైన మాటయు, ఇంగ్లీషువాని నలుపును ఒకే కొలిమిలో పుట్టినవని ఆ శాస్త్రజ్ఞులలో పలువురి మతము. ఈ సంగతి చదివిన రాత్రి మాకు చాలసేపు నిద్రపట్టలేదు. ఉదయమున సంధ్యవార్చి లేచి బడికి పోయి "నల్ల" యని పిలిచినవారము గదా!

రోమకులకు నలుపునకు రెండు మాటలుండెను. మెఱుపులేని నలుపు "ఆటెర్". నిగనిగలాడు నలుపు "నిగెర్". తెలుపును వారు అట్లే రెండుగా విడదీసిరి; వెలవెలబోయినది "ఆల్బుస్", మెఱయునది "కాండిదుస్". పదవులు కోరి జనుల నాశ్రయించువారు తెల్లమట్టి పూసి మెఱయజేసిన వస్త్రము కట్టుకొనుటచేతనే వారికి "కాండిడేట్" అను పేరు వచ్చినది. ఎన్నికల దినములలో ఖద్దరు చొక్కాల గంజి చూచినపుడెల్ల మాకు ఈ మాట గుర్తునకు వచ్చుచుండును. ఇక ప్రకృతమునకు వత్తము. రోమకుని కన్ను మొదట వెదకినది రంగును కాదు, నిగారింపును. నిగారింపుగల నలుపు వానికి నేరేడుపండు వంటిది. ఈ నిగెర్ నుండియే ఫ్రెంచి "న్వార్", ఇటలీవారి "నేరో", స్పెయిను పోర్చుగలుల "నెగ్రో" పుట్టినవి. ఆటెర్ మాత్రము ఆ దేశముల వాడుకలో నిలువలేదు.

గ్రీకుల "మెలాస్" అను నల్లమాట నల్లని పైత్యము మనస్సును క్రుంగదీయునన్న వారి వైద్యము ద్వారా "మెలాంకొలీ" యై ఐరోపా యంతట దుఃఖమునకు పేరైనది. రష్యనుల "చోర్నీ" యు, నేడు ఎవరును మాటాడని ప్రాచీన ప్రష్యభాషలోని "కిర్స్నన్" అను మాటయు మన "కృష్ణ" శబ్దమునకు సోదరములు. బాల్టిక్ సముద్రపు టొడ్డున ఒకప్పుడు రైతులు నలుపును కృష్ణుని పేరుతో పిలిచిరన్నమాట. ఉత్తరదేశపు నార్సుజనుల "బ్లార్" అను మాట నేటి "బ్లూ" నకు అన్న. కాని వారు దానిని కాకి ఱెక్కకును, ఆఫ్రికా జనుల మేనికిని వాడిరి. వారి దృష్టిలో ఆఫ్రికావాడు నల్లమనిషి కాడు, నీలిమనిషి. ఆ బ్లూకు లాటినులో దాయాదియైన మాటకు పసుపు అని యర్థము! రంగుల పేళ్లు కన్నునుండి నేరుగ నాలుకకు వచ్చునని నమ్మినవారు ఇక్కడ ఆగి యోచింపవలెను.

ఇంగ్లండు ప్రధానమంత్రియైన గ్లాడ్‌స్టన్, ఆ పదవికి రాకముందు 1858లో హోమరును గూర్చి గొప్ప గ్రంథము వ్రాసి, అందు ఆ కవికి నీలమునకు తగిన మాట కానరాదని చూపెను. కొందఱు దీనిని బట్టి ప్రాచీనుల కండ్లకే నీలము కనబడదని వాదించిరి. ఆ వాదము నిలువలేదు. మాట లేనంతమాత్రమున కన్ను లేకపోదు. తెలుగువానికి దీనికి సాక్ష్యము ఇంటిలోనే కలదు: చెట్టు పచ్చన, పసుపుకొమ్ము పచ్చన, అంతమాత్రమున ఆకునకును పసుపునకును భేదము మన కండ్లకు తెలియదా? 1969లో బెర్లిన్, కే యను అమెరికను పండితులిద్దఱు అనేక భాషలను పోల్చి, రంగులకు రెండే మాటలున్న భాషలో ఆ రెండును నలుపు తెలుపులనియు, మూడవది వచ్చినచో ఎఱుపనియు చెప్పిరి. నీలము ఎల్లభాషలలోను ఆలస్యముగా వచ్చు చుట్టము. అది వచ్చువఱకు నలుపు ఇంటిలోనే దానికిని చోటు.

సంస్కృతమున ఈ సంగతి స్పష్టముగా కనబడును. మేము బాల్యమున వల్లించిన తర్కసంగ్రహమున అన్నంభట్టు రూపములు ఏడు అని లెక్కించెను: శుక్లము, నీలము, పీతము, రక్తము, హరితము, కపిశము, చిత్రము. ఇందు నలుపెక్కడ? గురువుగారిని అడుగుటకు ఆ దినములలో మాకు తోచలేదు. నీలమే నలుపు. నీలకుంతల యనగా నల్లని కురులు గలది; ఆకసపు రంగు జుట్టు గలది కాదు. నల్లగొండకు పూర్వనామము నీలగిరి యని చెప్పుదురు. కొండ మాఱలేదు, భాష మాఱినది. మాకు కోసుల దూరములోనున్న రామతీర్థమున కోదండరాముడు వెలసిన కొండ నీలాచలము. ఆ కొండయెక్కి చూచినవాడెవడును దానిని నీలిరంగు కొండ యని చెప్పడు. వాన తడిసిన నల్లఱాయి. ఆ దేవుడును నీలమేఘశ్యాముడే. పటములు వ్రాయువారు రామకృష్ణులకు నీలిరంగు పూయుట మొదలిడి చాలకాలమైనది. మా యనుమానము, నీలశబ్దము అర్థము ఇఱుకైన తరువాత ఆ శబ్దమును నమ్మి కొందఱును, నల్లని దేవుని నల్లగా వ్రాయుటకు చేయిరాక కొందఱును అట్లు పూసియుందురని.

ఈ నీలశబ్దము ఐరోపాకు ఓడలెక్కి పోయినది. నీలిమందు అరబ్బుల నోట "అన్నీల్" అయి, పోర్చుగీసుల నోట "అనీల్" అయినది. కడప, నెల్లూరు మండలములలో నీలిచెట్టు విరివిగా పండిన దినములు కలవు. ఇంగ్లీషులో ఆ మందునకు "ఇండిగో" యని పేరు. అనగా హిందూదేశపుది యని మాత్రమే. ఫ్రిట్చే యను రసాయనశాస్త్రజ్ఞుడు 1840 ప్రాంతమున నీలిమందు నుండి యొక ద్రవమును దింపి, పోర్చుగీసు మాటను బట్టి "అనిలిన్" అని పేరిడెను. 1863లో లైట్‌ఫుట్ అను నాతడు ఆ అనిలిన్ నుండి గట్టి నలుపుచాయను తీసెను. మన నీలము దేశములు తిరిగి తిరిగి మరల నలుపైనది. 1897లో జర్మనులు యంత్రశాలలలో చేసిన నీలిమందు అమ్మకమునకు వచ్చిన పిదప మన నీలితొట్లు ఎండిపోయినవి; అది వేఱు కథ.

మాటలు ఇట్లుండగా, నలుపునకు చెడ్డపేరు ఎట్లు వచ్చినది? చీకటియన్న భయమే మూలమని సామాన్యముగా చెప్పుదురు. అన్ని జాతులును రాత్రికి వెఱచినవి. చీకటినుండి వెలుగునకు కొనిపొమ్మని మనమును ప్రార్థించుచున్నాము. కావున నలుపును రోయుట మానవస్వభావమని వాదము. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని తర్కశాస్త్రము చదివినవారికి ఇందలి లోపము తెలియును. చీకటి నల్లగా నుండి కదలుచున్నట్లు కనబడును గనుక అది యొక ద్రవ్యమే యని భాట్టమీమాంసకులు వాదించిరి. అన్నంభట్టు తన దీపికలో దీనిని కాదని, చీకటి యనగా వెలుగు లేకపోవుటయే, అది ద్రవ్యము కాదు, దానికి రంగు లేదు అని నిలిపెను. ఆలోచించిన కొలదియు ఇది యెంత మేలైన మాట! చీకటిగదిలో నల్లచీరయు తెల్లచీరయు ఒక్కటే. దీపము వెలిగించిన పిదపనే ఇది నల్లది యని తెలియును. నలుపు కనబడుటకు వెలుగు వలెను. వెలుగు ఉన్నచోటనే యుండు రంగును, వెలుగు లేమికి ముడివేయుట తర్కమునకు నిలువదు. అజ్ఞానమును చీకటి యనవచ్చును గాని, నలుపు అనుటకు ఆధారము లేదు.

మానవస్వభావమే యైనచో మన తెలుగున ఇన్ని మంచి నలుపులు ఎట్లుండెను? ప్రత్తిపండు నేల నల్లరేగడి. ముత్తయిదువ మెడలో నల్లపూసలు. పసిబిడ్డ చెక్కిలిపై కాటుకచుక్క. చెడుచూపును ఆపుటకు మన తల్లులు నమ్మినది తెల్లచుక్కను కాదు. నల్లబజారు, నల్లధనము అను మాటలు మనవి కావు. ఇంగ్లీషు పలుకుబడులకు చేసిన యనువాదములు. నల్లయనిన తమిళులకు మంచి యని యర్థము. ఆ మాట వేఱు, మన మాట వేఱు, పుట్టుకలో సంబంధము లేదు. ఐనను మదరాసులో మొదటిసారి "నల్ల పొణ్ణు" అను మాట విని, మంచిపిల్ల యని పొగడుచున్నారని తెలియుటకు మాకు కొంతసేపు పట్టినది.

ఐరోపాలో నెగ్రో యను మాట చెడినది భయముచేత కాదు, బేరముచేత. 1444లో పోర్చుగలు దేశపు లాగోసు రేవున ఆఫ్రికానుండి తెచ్చిన మనుష్యులను దింపి పంచుకొనిరి. అటుపిమ్మట కొన్ని శతాబ్దులు ఆ రంగుపేరు సరకుపేరైనది. పదియాఱవ శతాబ్దిలో ఆ మాట ఆ యర్థముతోనే ఇంగ్లీషునకు ఎగుమతియైనది. మనిషిని అమ్మదలచినవానికి అతడు తనవంటివాడు కాడని మొదట తానే నమ్మవలెను గదా. రంగు అందుకు చేతికి దగ్గఱగా నున్న సాకు. 1960ల దశకమున అమెరికాలోని ఆ జనులు, ఇతరులు పెట్టిన పాత పేరును విడిచి, "బ్లాక్" అను మాటనే తలయెత్తి చెప్పుకొనిరి, నలుపు అందమనిరి. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ జనులను గూర్చి వ్రాయునపుడు ఆ మాటను పెద్దయక్షరముతో మొదలిడవలెనని నిర్ణయించెను. మన లిపిలో పెద్దయక్షరములు లేవు. మఱి మనమేమి చేయుదుము?

ఇతరుల బేరములను చెప్పి మన బేరమును దాచుట న్యాయము కాదు. మన పూర్వగ్రంథములు ఈ విషయమున ఒక్క గొంతుతో మాటాడవు. బృహదారణ్యకోపనిషత్తు చివర, కోరిన సంతానమునకై దంపతులు వండుకొనవలసిన యన్నములు చెప్పబడినవి. తెల్లనివాడు ఒక వేదము చదివిన కొడుకు కావలెనన్న పాలతో. కపిలవర్ణుడు రెండు వేదములు చదివినవాడు కావలెనన్న పెరుగుతో. శ్యాముడు, ఎఱ్ఱని కన్నులవాడు, మూడు వేదములు చదివినవాడు కావలెనన్న నీటితో వండవలెను. నల్లవానికే వేదములు ఎక్కువ. ఆ వెంటనే పండితురాలైన కూతురు కావలెనన్నవారికి నువ్వులతో వండుమని యున్నది. ఆ పాండిత్యము గృహకృత్యములందే యని శంకరులు వ్యాఖ్యానించిరి. మూలములో ఆ మాట లేదు. భారతము వ్రాసిన వ్యాసుడు కృష్ణుడు, కథానాయిక ద్రౌపది కృష్ణ, రథము తోలినవాడు కృష్ణుడు. మనువు ఛాయనుబట్టి పెండ్లాడవద్దన్నది కపిలవర్ణ కన్యనే గాని నల్లపిల్లను కాదు. ఆయన యట్లు ఏ పిల్లనైనను ఏఱివేయుట మేమొప్పము, అది వేఱు. ఇక రెండవ గొంతు వినుడు. పతంజలి మహాభాష్యమున, అంగడిలో కూర్చున్న మినుములరాశి వంటి నల్లనివానిని చూచి ఎవడును బ్రాహ్మణుడని యనుకొనడని వ్రాసెను. భాష్యకారుడు ఉదాహరణమునకై వ్రాసిన మాటయే. కాని ఉదాహరణములలోనే కాలపు మనస్సు బయటపడును. రంగును చెప్పు వర్ణశబ్దము కులమునకు పేరైన దేశమున ఇది దాచిన దాగునది కాదు.

ఈ రెండు గొంతులలో మన యిండ్లలో వినబడుచున్నది ఏది? పెండ్లిచూపుల నాడు వినుడు. "పిల్ల రంగు తక్కువ" యందురు. ఎంత విచిత్రమైన మాట! నలుపును రంగుగా గాక, రంగులో కొఱతగా లెక్కించుచున్నారు. తెల్లగా నున్నవారిని "ఎఱ్ఱగా బుఱ్ఱగా" నున్నారని మెచ్చుకొందురు. తెలుపు ఎఱుపైనది, నలుపు తరుగైనది. నడిమి దానికి చామనచాయ యని పేరు. ఈ చామన దేవునికి చెప్పు శ్యామమే. ఆలయములో శ్యామమై పూజలందినది వీథిలో చామనయై తలవంచుకొనును. తరుగునకు పరిహారము కట్నము. వరకట్నమును నిషేధించిన చట్టము 1961లో వచ్చినది. రంగు తరుగునకు లెక్కకట్టు పద్దు మాత్రము ఏ చట్టమునకును అందక నోటిమాటలలో సాగుచున్నది.

ఇది పరులను గూర్చి వ్రాయుచున్నామని చదువరులు తలపవలదు. మా మేనకోడలి సంబంధము వెదకునపుడు ఫొటో తీయించుటకు మేమే వెంట పోయితిమి. తీసినవాడు తెరమీద చూపుచు, "కొంచెం రంగు పెంచమంటారాండీ?" అని యడిగెను. పెంచుమనియే చెప్పితిమి, వాని యడుగుటయు మా చెప్పుటయు ఎంత సహజముగా జరిగినవనగా, ఆ దినమున అందులో ఆలోచింపదగిన దేదియు మాకు కానరాలేదు. ఫొటో ఇంటికి వచ్చినది. ఆ పిల్ల దానిని కిటికీ దగ్గఱకు తీసికొనిపోయి చూచి, "ఎవరు మావయ్యా, ఈ అమ్మాయి?" అని నవ్వుచు అడిగెను. నవ్వినది గనుక మేమును నవ్వితిమి. ఆ సంబంధము కుదరలేదు, మఱియొకటి కుదిరినది, ఆమె సుఖముగానే యున్నది. కాని ఆ ఫొటో నేటికిని మా బీరువాలో నున్నది, తీసి చూచుటకు మనసొప్పదు. ఫెయిర్ అను మాటను మూడర్థములతో నల్లబల్ల మీద వ్రాసిన చేయి, ఆ ఫొటోకు రూకలిచ్చిన చేయి ఒక్కటే.

ఈ సంగతులలో కొన్నింటిని మఱునాడు ఆ బాలికకు చెప్పితిమి. మూడర్థములును ఒకటి కావు. వేఱువేఱు కాలములందు వేఱువేఱు జనులు ఒక మాటలో మూట గట్టినవి. మూట విప్పవచ్చును అని చెప్పితిమి. బ్లాక్ అను మాటకు మూలము మండుట, మెఱయుట యనియు చెప్పితిమి. ఆమె శ్రద్ధగా విని, "అది ఇంగ్లీషు మాటకి గదండీ?" అని యడిగెను. మా నల్ల యను మాట యెక్కడిదని ఆమె యుద్దేశము. ఆ మాట తమిళమున చీకటికిని నడిరేయికిని చెప్పు మాటలకు చుట్టమని ఊహింతురు. ఈ యూహను ఆమెకు చెప్పుటకు మాకు నోరు రాలేదు. రామతీర్థపు కొండను గూర్చి చెప్పితిమి. ప్రతియేటను శ్రీరామనవమికి ఇంటిల్లిపాదియు పోవుదుమనియు, ఆ కొండఱాయి ఎండకు కాలునని తమ యమ్మ చెప్పుననియు ఆమె చెప్పెను.

వెనుక వరుసలోని బాలుని పిలిచి మందలింపబోయితిమి. "మాస్టారండీ, మీరు పిలిచిన పేరే గదండీ నేను చెప్పినది" అని వాడు అమాయకముగా చెప్పెను. వాని కన్నులలో పరిహాసము లేదు. మందలింపు మా నోటిలోనే నిలిచిపోయినది.

ఆ వారము నుండి ఆ యిద్దఱు బాలికలను ఇంటిపేళ్లతో పిలుచుచున్నాము. హాజరుపట్టీలో మొదటినుండియు ఇంటిపేళ్లు ఉండనే యున్నవి. చదువని వారము మేము. మొదటి దినమున ఆ బాలిక పేరు వచ్చినపుడు ఎవరును పలుకలేదు. తల యెత్తి చూచితిమి. ఆమె తన వంతునకై యెదురుచూచుచు మా వైపే చూచుచున్నది. రెండవమాఱు పిలిచిన పిదప, ప్రక్కనున్న పిల్ల మోచేతితో తాకగా, తననే పిలుచుచున్నామని తెలిసి లేచి నిలిచెను.